ఓవర్‌క్లాక్ చేస్తే ప్రాసెసర్ నిజంగా కాలిపోతుందా? (రైజెన్ 5600ఎక్స్, పెట్టెలో వచ్చిన కూలర్, చెన్నై ఎండ)

మీరు అడిగింది ఇది: వేళచ్చేరిలో ఏసీ లేని గది, ఏఎండీ రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చిన కూలరే. రూమ్మేట్ "అన్ని కోర్లకీ 4.7 గిగాహెర్ట్జ్, 1.4 వోల్టులు పెట్టెయ్, ఏం కాదు" అంటున్నాడు. ఊళ్ళో అన్నయ్యేమో "కాలిపోతుంది, దాని జోలికి పోకు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి, తేడా కొడితే మళ్ళీ మామూలు స్థితికి తేవచ్చా అన్నారు.

నేను చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్ పక్క సందులో పీసీలు అసెంబుల్ చేసి, రిపేర్లు చేసి బతికేవాణ్ణి. సూటిగా చెప్తాను. ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడుకన్నా ఎక్కువ స్పీడులో నడపడం. స్పీడు పెంచినంత మాత్రాన ప్రాసెసర్ చావదు. వోల్టేజ్ పెంచితే ఆయుష్షు తరుగుతుంది. ఆ రెండింటికన్నా ముందు మీ ఫైళ్ళు పోతాయి. అన్నయ్య భయం పాతకాలం నాటిది. రూమ్మేట్ చెప్పిన అంకె మాత్రం ఇప్పటికీ తప్పే. మీ దగ్గరున్న కూలర్‌తో, మీరుండే ఊళ్ళో, ఆ 1.4 వోల్టులు దండగ. దానికన్నా తక్కువ రిస్కుతో ఎక్కువ లాభం వచ్చే దారి ఒకటుంది, అది కింద రాశాను.

అన్నయ్య మాటకి ఆధారం లేకపోలేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైటు వాళ్ళు ఒక వీడియో పెట్టారు. నడుస్తున్న పీసీలో ప్రాసెసర్ మీది హీట్‌సింక్, అంటే వేడిని లాగే లోహపు రెక్కల దిమ్మ, పీకేశారు. ఇంటెల్ పెంటియం 4 తనంతట తాను నెమ్మదించి బతికిపోయింది, ఏఎండీ అథ్లాన్ పొగలు కక్కి చచ్చిపోయింది. అప్పట్లో ఆ వీడియో చూడని హార్డ్‌వేర్ వాడు లేడు. "కాలిపోతుంది" అన్న మాట జనం నోళ్ళలో నాటుకుపోయింది అప్పుడే. ఇప్పటి చిప్పులు అలా లేవు. మీ 5600ఎక్స్‌కి హద్దు 95 డిగ్రీలు. అక్కడికి రాగానే తానే స్పీడు తగ్గించుకుంటుంది, అయినా ఆగకపోతే పీసీ ఆఫ్ అయిపోతుంది. కూలర్ ఫ్యాన్ వైరు బోర్డుకి గుచ్చడం మర్చిపోయిన పీసీలు మా దగ్గరికి అప్పుడప్పుడూ వస్తుంటాయి. "కొన్నప్పటి నుంచీ స్లోగా ఉందన్నా" అని తెస్తారు. వైరు గుచ్చి, దుమ్ము దులిపి పంపిస్తే ఆ ప్రాసెసర్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. వేడికి ఒక్కసారిగా చచ్చిన కొత్త తరం చిప్పు నా చేతికి ఇంతవరకూ రాలేదు.

వేడికి ఉన్న ఆ కాపలా వోల్టేజ్‌కి లేదు. బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెరలో, మీరు చేత్తో అంకె కొడితే బోర్డు మారుమాట్లాడకుండా ఇచ్చేస్తుంది. మహా అయితే అంకె రంగు పసుపులోంచి ఎరుపులోకి మారుతుంది, అంతే. అసలు నష్టం ఇక్కడే మొదలవుతుంది, అదీ కంటికి కనపడకుండా.

లోపల జరిగేవి ముఖ్యంగా రెండు. మొదటిది, చిప్పులోని సన్నని రాగి తీగల్లో కరెంటు ఎక్కువైతే ఎలక్ట్రాన్ల తాకిడికి లోహపు పరమాణువులే చోటు మారతాయి. ఏటి గట్టు కోసుకుపోయినట్టు ఒకచోట సన్నబడుతుంది, ఇంకోచోట మేట వేస్తుంది. ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. మోటరోలాలో పనిచేసిన జేమ్స్ బ్లాక్ 1960ల్లోనే దీనికి లెక్క కట్టాడు. కరెంటు సాంద్రత పెరిగినా, వేడి పెరిగినా తీగ ఆయుష్షు తగ్గుతుంది, రెండూ కలిసి పెరిగితే మరీ వేగంగా తగ్గుతుంది. రెండోది, ట్రాన్సిస్టర్ గేటు కింద ఉండే ఇన్సులేషన్ పొర. దాని మందం నానోమీటర్ల లెక్క. వోల్టేజ్ ఒత్తిడికి ఆ పొర క్రమంగా దెబ్బతింటుంది, ట్రాన్సిస్టర్ మొండికేస్తుంది. నిన్నటిదాకా ఏ వోల్టేజ్‌తో ఏ స్పీడు ఇచ్చేదో, అదే స్పీడుకి ఇప్పుడు ఇంకొంచెం వోల్టేజ్ అడుగుతుంది. మా భాషలో "డిగ్రేడ్ అయింది" అంటే ఇదే.

అన్నానగర్‌లో గేమింగ్ సెంటర్ నడిపే ఒకాయన పీసీలన్నీ 1.4 పైన పెట్టించుకున్నాడు, నా చేత కాదు. ఏడాది దాకా బ్రహ్మాండంగా నడిచాయి. తర్వాత ఒక్కో మెషీనూ మొదలెట్టింది, గేమ్ మధ్యలో బ్లూ స్క్రీన్. ఆయన చేసిందేమిటంటే, ఆగిన ప్రతిసారీ ఇంకొంచెం వోల్టేజ్ ఎక్కించడం. ఎక్కించిన కొద్దీ డిగ్రేడ్ అవడం ఇంకా తొందరయింది. నా దగ్గరికి తెచ్చేసరికి వాటిలో కొన్ని కంపెనీ ఇచ్చిన స్పీడులో కూడా నిలబడటం లేదు, దానికన్నా కాస్త కిందికి దించితే తప్ప. పొగ లేదు, వాసన లేదు, ప్రాసెసర్ మీద చిన్న మచ్చ కూడా లేదు. ఓవర్‌క్లాకింగ్ నష్టం సాధారణంగా కనిపించే తీరు ఇదే.

ఇక్కడ ఒక అనుమానం రావాలి మీకు. "నేనేమీ మార్చకుండానే వోల్టేజ్, వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాంలో 1.4, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే చూపిస్తోంది కదా, మరి అదేమిటి?" అని. నిజమే, చూపిస్తుంది, అది మామూలే. బ్రౌజర్ తెరిచినప్పుడు ఒకటి రెండు కోర్లు కాసేపు పరుగెడతాయి. వోల్టేజ్ ఎక్కువున్నా పారే కరెంటు తక్కువ, చిప్పు చల్లగా ఉంటుంది. ఆరు కోర్లూ పూర్తి పనిలో పడగానే చిప్పే వోల్టేజ్ బాగా కిందికి దించుకుంటుంది. ఇదంతా సెకనుకి ఎన్నోసార్లు లెక్కేసుకుని చేస్తుంది. మీరు బయోస్‌లో 1.4 అని గట్టిగా కట్టేస్తే ఆ తెలివినంతా పక్కన పడేసినట్టే. ఆరు కోర్లూ, పూర్తి లోడూ, పూర్తి కరెంటూ, దానిమీద 1.4. ఒక కోరుకి క్షణం సేపు వచ్చే 1.4 వేరు, అన్ని కోర్లకీ గంటల తరబడి ఇచ్చే 1.4 వేరు. యూట్యూబ్ చూసి చేసేవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే.

లాభం ఎంతో కూడా చూద్దాం. చిప్పు తినే పవర్ స్పీడుతో సూటిగా పెరుగుతుంది, వోల్టేజ్‌కైతే దాని వర్గంతో పెరుగుతుంది. అన్ని కోర్లూ 4.5లో, 1.2 వోల్టుల దగ్గర నడుస్తున్నాయనుకోండి. దాన్ని 4.7కి, 1.35 వోల్టులకి తీసుకెళ్ళారు. స్పీడు పెరిగింది 4 శాతం చిల్లర. పవర్ పెరిగింది దాదాపు 32 శాతం. 5600ఎక్స్‌కి కంపెనీ పెట్టిన హద్దు 76 వాట్లు, అది 100కి చేరింది. రూమ్మేట్ చెప్పిన 1.4 దగ్గర ఇంకా ఎక్కువ. పైగా ఈ చిప్పు మామూలుగానే ఒక కోరు మీద 4.6 దాకా వెళ్తుంది. చాలా గేములకి ముఖ్యంగా కావలసింది ఆ ఒకటి రెండు కోర్ల స్పీడే. అంటే 100 వాట్ల వేడి భరించి గేములో మీరు సంపాదించేది కంటికి ఆననంత.

1998లో సెలెరాన్ 300ఏ అని ఇంటెల్ చిప్పు ఒకటి ఉండేది. బస్ స్పీడు, అంటే చిప్పు స్పీడుకి ఆధారమైన బోర్డు క్లాక్, 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్పు 450లో నడిచేది, అదీ తరచుగా వోల్టేజ్ ముట్టుకోకుండానే. సగానికి సగం ఊరికే వచ్చేది. ఆ రోజుల్లో కంపెనీ వాళ్ళు చిప్పులో బోలెడు జాగా వదిలేవారు, మనం దాన్ని వాడుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ జాగానంతా, చిప్పు తానే స్పీడు పెంచుకునే బూస్ట్ పేరుతో, కంపెనీయే వాడేస్తోంది. మనకి మిగిలేది అడుగున నాలుగు చుక్కలు.

ఇక మన చెన్నై సంగతి. విదేశాల వాళ్ళ వీడియోల్లో గది 21, 22 డిగ్రీలు ఉంటుంది. మన కత్తిరి వెయిలులో, అంటే మే నెల మండుటెండల్లో, బయట 40 దాటుతుంది. మేడ మీది గదుల్లో రాత్రి తొమ్మిదికి కూడా గాలి 36, 37 ఉంటుంది. కూలర్ అన్నది చిప్పుని గది గాలికన్నా చల్లబరచలేదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్పు కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. వాళ్ళ వీడియోలో 80 చూపించిన సెట్టింగు మీ గదిలో 95కి కొట్టుకుంటుంది. డిసెంబరులో టెస్ట్ చేసి "స్టేబుల్‌గా ఉంది" అనుకున్నది మే నెలలో పడిపోతుంది. అందుకే ప్రతి ఎండాకాలం "నిన్నటిదాకా బాగుందన్నా" అంటూ వచ్చే కేసులు పెరుగుతాయి. నేను ఎవరికి సెట్ చేసినా మే నెల మధ్యాహ్నాన్నే లెక్కలోకి తీసుకుంటాను. ఫుల్ లోడులో 85 దాటకూడదు. అది నా సొంత గీత, కంపెనీ గీత కాదు. సముద్రం దగ్గరి వాళ్ళు, తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ వైపు వాళ్ళు, ఉప్పుగాలి, దుమ్ము కలిసి హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకునే జిడ్డుని కూడా లెక్కలో వేసుకోవాలి.

ఫైళ్ళు ముందు పోతాయి అన్నాను కదా. వడపళనిలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడొకడు ర్యామ్‌ని చేత్తో పెంచుకున్నాడు. ర్యామ్ స్పందించడానికి పట్టే విరామాల్ని, అంటే టైమింగుల్ని, బాగా బిగించేశాడు. పీసీ ఒక్కసారి కూడా హ్యాంగ్ అవలేదు, అదే వాడి కొంప ముంచింది. ఎక్స్‌పోర్ట్ చేసిన వీడియోలో సరిగ్గా తలంబ్రాల దగ్గర ఆకుపచ్చ గళ్ళు పడ్డాయి. సాఫ్ట్‌వేర్ గొడవనుకుని మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేశాడు, అక్కడే అవే గళ్ళు. వెతికితే తేలిందేమిటంటే, కెమెరా కార్డు నుంచి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసినప్పుడే ఫైలు పాడైంది. కాపీ అయ్యే ప్రతి బైటూ ర్యామ్ మీదుగానే పోతుంది మరి. కార్డు అప్పటికే ఫార్మాట్ చేసేసి ఇంకో పెళ్ళికి తీసుకెళ్ళిపోయాడు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి కూర్చుంటే మొదటి రౌండు సగం కాకముందే ఎర్ర గీతలు వరసగా దిగాయి. ప్రాసెసర్ పోతే డబ్బు పోతుంది, కొత్తది వస్తుంది. ఆ తలంబ్రాలు మళ్ళీ రావు కదా అని పెళ్ళివారు దులిపేశారు పాపం. మీరు కాలేజీ ప్రాజెక్టు ఈ పీసీలోనే చేస్తున్నానన్నారు. ముందు దాన్ని ఇంకోచోట కాపీ పెట్టి, ఆ తర్వాతే బయోస్ తెరవండి.

"నేనేమీ ముట్టుకోను, అంతా ఆటోలోనే వదిలేస్తాను, అప్పుడు భయం లేదు కదా" అనేవాళ్ళకి ఈ మధ్య జరిగిన రెండు విషయాలు చెప్పాలి. 2023 వసంతంలో రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌లోనే కాలి ఉబ్బిపోయాయి. ర్యామ్ పూర్తి స్పీడులో నడవడానికి ఎక్స్‌పో అనే సెట్టింగు ఆన్ చేస్తే బోర్డులు తమంతట తాము ఎస్ఓసీ వోల్టేజ్‌ని, అంటే ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపే భాగానికిచ్చే వోల్టేజ్‌ని, ఎక్కువకి తీసుకెళ్ళడం అందులో పెద్ద కారణం. ఆ తర్వాత ఏఎండీ బయోస్ అప్‌డేట్లతో దాన్ని 1.3 వోల్టులకి కట్టేసింది. రెండోది ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులది. ఓవర్‌క్లాక్ చేయనివాళ్ళ పీసీలు కూడా క్రాష్ అయ్యాయి. చిప్పే అవసరానికి మించిన వోల్టేజ్ అడగడం, దానితో లోపలి క్లాక్ సర్క్యూట్ ముందే ముసలిదవడం కారణాలని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. చిప్పు లోపలి ఆదేశాల్ని సరిదిద్దే మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీ రెండేళ్ళు పొడిగించింది. అప్పటికే డిగ్రేడ్ అయిన చిప్పుని ఆ అప్‌డేట్ బాగు చేయలేదు, కొత్త చిప్పు తీసుకోవలసిందే. ఇలాంటి పీసీలో గేమ్ తెరిస్తే "వీడియో మెమరీ చాలట్లేదు" అన్న ఎర్రర్ వచ్చేది. జనం గ్రాఫిక్స్ కార్డు మార్చుకుని మోసపోయారు, రోగం ప్రాసెసర్‌లో ఉండగా. ఇవి మీ 5600ఎక్స్‌కి వర్తించవు. కానీ బోర్డు "ఆటో" అంటే "సేఫ్" అని కాదు అన్నది మీకూ వర్తిస్తుంది. బయోస్ కొత్తది వేసుకోండి. చేత్తో మార్చేది ఏదైనా "ఆటో" ఎంత ఇస్తోందో చూశాకే మార్చండి.

వారంటీ సంగతి ఒక్క ముక్క. ఓవర్‌క్లాక్ వల్ల వచ్చిన నష్టానికి వారంటీ వర్తించదని ఏఎండీ రాతపూర్వకంగానే చెప్తుంది, తానే ఇచ్చిన పీబీఓ, అంటే బూస్ట్ హద్దులు పెంచే సెట్టింగు, వాడినా సరే. ఇంటెల్ ఒకప్పుడు ఓవర్‌క్లాక్ చేసేవాళ్ళకి డబ్బు కట్టించుకుని విడిగా ఒక ప్లాన్ ఇచ్చేది, 2021లో దాన్నీ ఆపేసింది.

సరే, ఏం చేయమంటారు అంటే:

ముందు ర్యామ్. డీడీఆర్4 3200 లేదా 3600 కిట్ ఉంటే ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడులో నడిపే సెట్టింగు, ఆన్ చేసి ఉందో లేదో చూడండి. కొని ఏడాదయినా 2133లోనే నడుపుతున్నవాళ్ళని వారానికొకరిని చూస్తాను. గేముల్లో దీనివల్ల వచ్చే తేడా మీ రూమ్మేట్ చెప్పిన 4.7 కన్నా ఎక్కువ. ఆన్ చేశాక ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టండి. ఒక్క ఎర్రర్ కూడా ఉండకూడదు. "ఒకటే కదా" అనకండి, ఆ ఒకటే తలంబ్రాల మీద పడుతుంది.

తర్వాత వోల్టేజ్ పెంచడం కాదు, తగ్గించడం. పీబీఓలో కర్వ్ ఆప్టిమైజర్ అని ఉంటుంది. అన్ని కోర్లకీ మైనస్ 10తో మొదలుపెట్టండి. అదే స్పీడుకి తక్కువ వోల్టేజ్, అందువల్ల తక్కువ వేడి. ఆ మిగిలిన వేడిని చిప్పే స్పీడుగా మార్చుకుంటుంది. ఆయుష్షు వైపు నుంచి చూసినా ఇదే మేలు. ఒక జాగ్రత్త: ఎక్కువ తగ్గిస్తే సినీబెంచ్ లాంటి ఫుల్ లోడు పరీక్షలో ఏమీ తెలియదు. మీరు టీకి వెళ్ళినప్పుడు, పీసీ ఖాళీగా ఉన్నప్పుడు దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. కాబట్టి కోర్‌సైక్లర్ లాంటి, ఒక్కో కోరునీ విడివిడిగా పరీక్షించే ప్రోగ్రాం రాత్రిళ్ళు పెట్టండి. చిప్పులో మంచి కోర్లని పేరున్నవే ముందు అడ్డం తిరుగుతాయి, వాటికి అప్పటికే వోల్టేజ్ తక్కువ కనుక. వాటికి మైనస్ తగ్గించి, మిగతావాటికి ఉంచుకోండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ పేరుతో 18 లేదా 19 నంబరు హార్డ్‌వేర్ ఎర్రర్ ఎంట్రీలు కనిపిస్తే పీసీ బాగానే నడుస్తున్నా సరే, వెనక్కి తగ్గండి.

మే నెలలో మరీ ఉడికిపోతుంటే పవర్ తగ్గించి నడిపే 45 వాట్ల ఎకో మోడ్ ఉంది, పెట్టుకోండి. గేముల్లో తేడా పెద్దగా తెలియదు. ఫ్యాన్ మోత తగ్గుతుంది, గది కూడా అంత వేడెక్కదు.

ఇంతా చెప్పినా "లేదన్నా, ఒక్కసారి చేత్తో పెట్టి చూడాల్సిందే" అంటారా, ఆ సరదా నాకూ తెలుసు. అన్ని కోర్లకీ కట్టే వోల్టేజ్ ఈ తరం చిప్పుకి 1.3 లోపే ఉంచండి, ఇంకా తక్కువైతే ఇంకా మంచిది. లోడు పడ్డప్పుడు వోల్టేజ్ పడిపోకుండా ఆపే లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ని అన్నిటికన్నా పైమెట్టులో పెట్టకండి. లోడు తీసేసిన క్షణంలో వోల్టేజ్ మీరిచ్చిన అంకె దాటి ఎగురుతుంది, సాఫ్ట్‌వేర్‌లో అది కనిపించదు కూడా. పెట్టెలో వచ్చిన చిన్న కూలర్‌తో మాత్రం వద్దు. మంచి టవర్ ఎయిర్ కూలర్ కొనుక్కోండి.

కూలర్ మార్చేటప్పుడు మాత్రం దీన్ని రెండుసార్లు చదవండి. ఓవర్‌క్లాక్‌తో పోయిన ప్రాసెసర్లకన్నా కూలర్ పీకేటప్పుడు పిన్నులు వంగి పోయినవే నా టేబుల్ మీద ఎక్కువ. మీది ఏఎం4 సాకెట్ రకం, పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. చిప్పుకీ కూలర్‌కీ మధ్య రాసే పేస్టు ఎండిపోయి జిగురులా పట్టేసి ఉంటుంది. కూలర్‌ని నిటారుగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి దాంతో పాటే వచ్చేస్తుంది. కాబట్టి ముందు పది నిమిషాలు ఏదైనా గేమ్ ఆడి చిప్పుని వేడెక్కించండి. తర్వాత షట్‌డౌన్ చేసి, ప్లగ్గు తీసి, స్క్రూలు వదులు చేసి, కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పండి. పట్టు వదిలిందని చేతికి తెలుస్తుంది, అప్పుడు ఎత్తండి. వంగిన పిన్నుల్ని నేను మెకానికల్ పెన్సిల్‌లోని లెడ్ తీసేసి, దాని మొన దగ్గరి ఖాళీ గొట్టంలో పిన్ను దూర్చి నిలబెడుతుంటాను. ఒకటి రెండయితే లేస్తాయి. విరిగితే చేసేదేమీ లేదు.

ఇక మీ చివరి ప్రశ్న, తేడా కొడితే వెనక్కి రావచ్చా అని. సెట్టింగు తప్పయితే తొంభై తొమ్మిది పాళ్ళు రావచ్చు. స్క్రీన్ నల్లగా ఉండి ఫ్యాన్లు తిరిగి ఆగుతుంటే కంగారుపడి స్విచ్ నొక్కకండి. చాలా బోర్డులు కొన్నిసార్లు ప్రయత్నించి వాటంతటవే పాత సెట్టింగుకి వస్తాయి. రాకపోతే గోడ దగ్గర స్విచ్ ఆపి, కేబుల్ తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టి మిగిలిన చార్జ్ పోగొట్టండి. బోర్డు మాన్యువల్‌లో బయోస్ సెట్టింగుల్ని చెరిపేసే క్లియర్ సీమాస్ పిన్నులు ఎక్కడున్నాయో చూసి, ఆ రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో కొన్ని సెకన్లు కలపండి. అవి దొరక్కపోతే నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ తీసి ఐదు నిమిషాలాగి పెట్టండి. బయోస్ కొత్తగా మొదలవుతుంది. విండోస్ 11లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే ఇలా రీసెట్ చేశాక రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. ఆ కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది. బయోస్‌లో ఏదైనా ముట్టుకునే ముందే దాన్ని చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి.